దశావతారాలకు ఔననీ, ఆదికాండానికి కాదనీ ఒకే తరగతిలో అనవచ్చా?

ప్రశ్న: నేను పర్లాకిమిడిలో సీబీఎస్ఈ సిలబస్ ఉన్న ఒక ప్రైవేటు పాఠశాలలో సైన్సు చెబుతున్నాను. మా తరగతుల్లో తెలుగు, ఒడియా, సవర పిల్లలు కలిసి చదువుకుంటారు. పదో తరగతి పుస్తకం నుంచి జీవపరిణామాన్ని తీసివేసినా, ఆ తరువాత కామర్సుకో ఐటీఐకో వెళ్లే పిల్లలకు ఆ సంగతి ఇక ఎవరూ చెప్పరన్న ఉద్దేశంతో, అనువంశికత పాఠం పూర్తయ్యాక రెండు పీరియడ్లు దానికి కేటాయిస్తాను. ఈ ఏడు ఆ పాఠం చెబుతూ చేప నుంచి మనిషి దాకా బొమ్మ వేస్తుండగా ఒక అమ్మాయి లేచి, "ఇవి మన దశావతారాలే కదా టీచర్?" అంది. పిల్లలు సంతోషపడ్డారు. నేనూ "అవును, మన పెద్దలు ఏనాడో చెప్పారు" అని ముందుకు సాగాను. మర్నాడు క్రైస్తవ కుటుంబానికి చెందిన ఒక సవర అబ్బాయి, "దేవుడు మనిషిని మట్టితో చేశాడని మా పాస్టరు గారు చెప్పారు. పరీక్షలో ఏది రాయాలి?" అని అడిగాడు. "అది నమ్మకం, ఇది సైన్సు. దాన్ని ఇక్కడికి తీసుకురావద్దు" అన్నాను. అప్పటి నుంచి ఆ అబ్బాయి తరగతిలో నోరు విప్పడం లేదు. వాళ్ల నాన్నగారు వచ్చి ప్రిన్సిపాల్ గారితో మాట్లాడి వెళ్లారు. సిలబస్‌లో లేనిదాని కోసం తలనొప్పి ఎందుకు, వదిలేయండి అని ప్రిన్సిపాల్ గారు అంటున్నారు. బడి కమిటీలోని ఒక పెద్దమనిషి మాత్రం అమెరికాలో రెండూ చెబుతారనీ, నన్ను కూడా రెండూ చెప్పి నిర్ణయం పిల్లలకే వదిలేయమనీ సలహా ఇచ్చారు. నేను ఏం చేయాలి?
— ఒక ఉపాధ్యాయిని, పర్లాకిమిడి, గజపతి జిల్లా

సమాధానం:

అమ్మా,

ఆ పాఠం చెప్పాలా మానాలా అన్నది మీ ప్రశ్న. చెప్పాలి. దానికి కారణాలు, ప్రిన్సిపాల్ గారికి మీరు ఇవ్వగల జవాబు కిందికి వస్తాయి. అంతకంటే ముందు, మీ ఉత్తరంలో మీరు ఒక్క వాక్యంలో దాటేసిన సంగతి దగ్గర ఆగవలసి ఉంది. గొడవ రెండో రోజున, ఆ అబ్బాయి ప్రశ్నతో మొదలైందని మీరు అనుకుంటున్నారు. అది మొదటి రోజునే, ఆ అమ్మాయికి మీరు ఔనన్నప్పుడే మొదలైందని నాకు అనిపిస్తోంది. నమ్మకాలను సైన్సు పీరియడులోకి తీసుకురావద్దన్న నియమం మంచిదే. కానీ ఆ నియమం మీ తరగతిలో రెండో రోజున, ఒక్క పిల్లవాడి కోసమే పుట్టింది. ముందు రోజు ఒక మతంవారి కథ లోపలికి వచ్చి మెప్పు పొందడం ఆ అబ్బాయి కళ్లారా చూశాడు. మర్నాడు తన కథను గడప బయటే ఉంచమన్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం జనంలో మూడో వంతుకు పైగా క్రైస్తవులున్న జిల్లా మీది. ఒడిశాలోని చాలా బడుల్లో లాగే మీ బడిలోనూ గణేశ పూజ, సరస్వతీ పూజ జరుగుతూ ఉంటే, ఆ పిల్లవాడు వాటిలోనూ అందరితో పాటు నిలబడి ఉంటాడు. వాళ్ల నాన్నగారు డార్విన్ మీద ఫిర్యాదు చేయడానికి వచ్చారో, కొడుకుకు జరిగిన చిన్నతనం గురించి చెప్పుకోవడానికి వచ్చారో మీ ఉత్తరంలో లేదు. మీరు కనుక్కున్నట్టు కూడా లేదు. ముందు అది కనుక్కోండి.

ఇక మీరు చెప్పిన ఔను సంగతి. మన ప్రాంతంలో పుట్టిన పిల్లకు దశావతారాల పోలిక తట్టకపోతేనే ఆశ్చర్యం. సరిహద్దు దాటి శ్రీకాకుళం వైపు వెళితే కూర్మనాథుడి శ్రీకూర్మం ఉంది, ఇంకా కిందికి వెళితే వరాహ నరసింహుడి సింహాచలం ఉంది, మీ జిల్లాలోనే ఉన్న మహేంద్రగిరి మీద పరశురాముడు ఇప్పటికీ తపస్సులో ఉన్నాడని మనవాళ్లు నమ్ముతారు. చేప, తాబేలు, పంది, సగం మనిషి, పొట్టి మనిషి, గొడ్డలి పట్టిన మనిషి అని వరుసగా చెప్పుకుంటూ పోతే నీటి నుంచి నేలకూ, జంతువు నుంచి మనిషికీ ఒక దారి ఉన్నట్టే కనిపిస్తుంది. ఆ అమ్మాయి చురుకైనది కాబట్టే పోలికను పట్టుకుంది. పోలికను పట్టుకోవడంలో తప్పేమీ లేదు. దానికి నిజమని ముద్ర వేయడం దగ్గరే పొరపాటు జరిగింది, ఆ ముద్ర వేసింది టీచరు.

ఆ పోలికను అక్కడికక్కడే సైన్సు పద్ధతిలో పరీక్షకు పెట్టి ఉంటే ఆ పీరియడు మరో దారిన నడిచి ఉండేది. పురాణంలో కూర్మం మత్స్యానికి సంతానం కాదు, వరాహం కూర్మానికి సంతానం కాదు. ధర్మానికి హాని కలిగినప్పుడల్లా ఒకే దేవుడు వేర్వేరు రూపాల్లో, ఒక్కొక్క పని కోసం దిగి వచ్చాడని అక్కడ చెబుతారు. జీవపరిణామం చెప్పేది వంశం కథ. లక్షల తరాల పొడవునా పిల్లలు తల్లిదండ్రుల కంటే కొద్దికొద్ది తేడాలతో పుట్టడం, ఆ తేడాల్లో ఉన్న చోటికి పనికొచ్చినవి ఎక్కువ మంది సంతానంలో నిలవడం (దీన్నే ప్రకృతి వరణం అంటారు), దీని వెనుక ఎవరి సంకల్పమూ, ఏ గమ్యమూ లేకపోవడం దాని సారం. వరుస సంగతి చూసినా పోలిక కుదరదు. ఋషికుల్య ముఖద్వారం దగ్గర ఇసుకలో గుడ్లు పెట్టే సముద్రపు తాబేళ్లను మీ పిల్లల్లో కొందరైనా చూసి ఉంటారు. నీటిలోనే బతికే ఆ జీవి గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు ఎందుకు రావాలి, గాలి పీల్చడానికి పైకి ఎందుకు తేలాలి అని అడగండి. దాని పూర్వీకులు నేల మీద బతికి, తిరిగి సముద్రంలోకి వెళ్లినవి. అంటే తాబేలు చేపకూ నేల జంతువుకూ మధ్య మజిలీ కాదు. చిలికా సరస్సులోని డాల్ఫిన్ మరీ వింత. చేపలా కనిపించే దాని ఈతరెక్కలో మన చేతిలో ఉన్న ఎముకలే ఉంటాయి. అది పాలిచ్చే జంతువు, నేల నుంచే నీటికి వెళ్లింది. పంది ముందు, సింహం తరువాత అనడానికీ ఆధారం లేదు. కప్పలకూ పక్షులకూ ఆ వరుసలో చోటే లేదు. చివరి అవతారాల్లో బలరాముడిని లెక్కించాలా, బుద్ధుడిని లెక్కించాలా అన్న విషయంలో సంప్రదాయాల మధ్యనే భేదం ఉంది. భక్తుడికి ఆ భేదం ఇబ్బంది కాదు. శాస్త్రంలోనైతే ఏదో ఒకటి తేల్చి తీరాలి.

వీటన్నిటికంటే నేను ముఖ్యమనుకునే ప్రశ్న ఒకటి ఉంది. ఏ ఆధారం దొరికితే ఈ మాట తప్పని ఒప్పుకుంటాం? చేపలు మాత్రమే కనిపించే పాత శిలలకూ, నాలుగు కాళ్ల జంతువులు కనిపించే తరువాతి శిలలకూ మధ్య, సుమారు 37 కోట్ల 50 లక్షల ఏళ్ల నాటి పొరల్లో మధ్యరకం జీవి దొరకాలని పరిశోధకులు ముందుగానే లెక్క వేసుకున్నారు. ఆ వయసున్న రాళ్లు బయటపడి ఉన్న చోటును వెతుక్కుంటూ ఉత్తర కెనడాలోని మంచు దీవులకు వెళ్లి, ఏళ్ల తరబడి తవ్వి, 2004లో టిక్టాలిక్ అనే జీవి శిలాజాన్ని బయటికి తీశారు. దానికి చేప పొలుసులు ఉన్నాయి, మెడ ఉంది, మణికట్టు లాంటి ఎముకలూ ఉన్నాయి. అక్కడ ఏమీ దొరక్కపోయి ఉంటే, లేదా అంతకంటే ఎంతో పాత పొరల్లో కుందేలు ఎముకలు దొరికి ఉంటే, జీవశాస్త్రజ్ఞులు సమాధానం చెప్పుకోవలసి వచ్చేది. దశావతారాలకు అలాంటి ప్రమాదం లేదు. రేపు శిలల్లో వరుస తారుమారైనా శ్రీకూర్మంలో హారతి ఆగదు, ఆగవలసిన అవసరమూ లేదు. శిలాజాల మీద ఆధారపడని దానికి శిలాజాల చేత సాక్ష్యం చెప్పించబోవడమే అసలు చిక్కు.

మీకు ఎవరైనా జె.బి.ఎస్. హాల్డేన్ పేరు చెప్పవచ్చు. దశావతారాల వరుస వెన్నెముక గల జీవుల పరిణామానికి స్థూలంగా సరిపోతుందని ఆయన అన్న మాట నిజమే, అది వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటుంది. జన్యుశాస్త్రానికి గణితాన్ని జోడించిన ఆ బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు 1957లో భారతదేశానికి వచ్చి, 1962లో భువనేశ్వర్‌లో ప్రయోగశాల పెట్టి, 1964 డిసెంబరు 1న అక్కడే కన్నుమూశారు. మన తెలుగువారైన ద్రోణంరాజు కృష్ణారావు గారు ఆయన శిష్యుల్లో ఒకరు. తన శరీరాన్ని వైద్య విద్యార్థుల చదువు కోసం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇవ్వాలని ఆయన రాసిపెట్టారు, అలాగే ఇచ్చారు. ఒడిశాలో బతికి, ఆంధ్రలో పాఠంగా మిగిలిన ఆయన పేరు మీ తరగతిలో తప్పకుండా వినిపించాలి. కానీ ప్రకృతి వరణం ఎంత వేగంగా పనిచేస్తుందో 1924 నుంచి వరుస పత్రాల్లో లెక్క కట్టినప్పుడు ఆయన ఏ పురాణాన్నీ ఆధారంగా చూపలేదు. దశావతారాల గురించిన మాట ఈ దేశాన్ని ప్రేమించిన మనిషి చేసిన ఒక పోలిక. గణితం ఆయన నిరూపణ. ఏది ఏదో పిల్లలకు విడదీసి చెప్పండి.

అంతా వేదాల్లోనే ఉందనే మాట మీద తెలుగువాళ్లు నూరేళ్లకు పైగా నవ్వుకుంటూనే ఉన్నారు, అయినా అది వాడుకలోంచి పోలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. మన కథను కాదనేవాడిని ఎదిరించడం సులువు, మన కథను పొగిడేవాడిని ఆపడం కష్టం. అందుకే పాస్టరు గారి మాట మీకు వెంటనే సైన్సుకు అడ్డుగా కనిపించింది, అవతారాల మాట కనిపించలేదు. గర్వపడడానికి ఆ అమ్మాయికి మరో ఉదాహరణ ఇవ్వండి. ఒడిశాలోని ఖండపడాలో పుట్టిన పఠాణీ సామంత, అంటే సామంత చంద్రశేఖరుడు, 1835 నుంచి 1904 వరకు జీవించిన నిష్ఠాపరుడైన భక్తుడు. దూరదర్శిని లేకుండా, వెదురుతోనూ కర్రతోనూ తానే చేసుకున్న సాధనాలతో రాత్రుళ్లు ఆకాశాన్ని కొలిచి, పాత గ్రంథాల లెక్కకూ కంటికి కనిపించే గ్రహస్థితికీ తేడా వచ్చినప్పుడు లెక్కను సరిదిద్దాడు. పూరీ జగన్నాథుడి ఆలయ పంచాంగానికి ఆయన లెక్కలు వాడారు. సూర్యుడు భూమి చుట్టూ తిరుగుతాడనే ఆయన చివరిదాకా అనుకున్నాడు, ఆ విషయంలో ఆయన పొరబడ్డాడు. అదీ పిల్లలకు దాచకుండా చెప్పండి. పెద్దలు అన్నీ ముందే చెప్పేశారన్న మాట కంటే, పెద్దల లెక్కను ఒక పెద్దాయన కొలిచి దిద్దాడన్న మాట ఆ అమ్మాయికి ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఇప్పుడు ఆ అబ్బాయి సంగతి. అతను అడిగింది మతచర్చ కాదు, చాలా ఆచరణాత్మకమైన ప్రశ్న: పరీక్షలో ఏది రాయాలి? దానికి మీ దగ్గర సూటి జవాబు ఉంది. పదో తరగతి పరీక్షలో ఈ భాగం రాదు. పన్నెండో తరగతిలో జీవశాస్త్రం తీసుకుంటే వస్తుంది. అప్పుడు ప్రశ్న అడిగేది జీవశాస్త్రజ్ఞులు ఏం చెబుతున్నారు, ఏ ఆధారాలతో చెబుతున్నారు అని. దానికి జవాబు రాయడం తన విశ్వాసాన్ని విడిచిపెట్టినట్టు సాక్ష్యం ఇవ్వడం కాదు. ఈ రెండు మాటలు ఆ రోజే చెప్పి ఉంటే ఆ పిల్లవాడు కూర్చుని రాసుకునేవాడు. ఇంకో సంగతి కూడా అతనికి తెలియాలి. మీ పుస్తకంలో ఇంకా మిగిలి ఉన్న అనువంశికత పాఠంలోని మెండెల్, అంటే లక్షణాలు తరతరాలకు ఎలా వస్తాయో సూత్రాలు కనిపెట్టినాయన, బ్రనో పట్టణంలోని మఠంలో జీవించిన క్రైస్తవ సన్యాసి. బఠానీ మొక్కల మీద ఆయన చేసిన ప్రయోగాలు 1866లో అచ్చయ్యాయి. ఇరవయ్యో శతాబ్దంలో పరిణామ శాస్త్రాన్ని తిరిగి నిర్మించినవారిలో ఒకరైన డబ్‌జాన్‌స్కీ కూడా విశ్వాసి.

అయితే ఇక్కడ మీరు మరో గోతిలో పడే వీలుంది. 1996లో కాథలిక్కుల మతాధిపతి పోప్ రెండో జాన్ పాల్ కూడా పరిణామ సిద్ధాంతాన్ని ఉట్టి ఊహగా కొట్టివేయలేమన్నారు కాబట్టి మీ మతానికి అభ్యంతరం లేదు అని ఆ అబ్బాయికి చెప్పబోకండి. వాళ్లది ఏ సంఘమో మీకు తెలియదు. బాప్టిస్టు కుటుంబానికి పోప్ మాటతో పని లేదు. బైబిలులో సృష్టికథ చెప్పే ఆదికాండాన్ని ఎలా చదువుకోవాలన్నది అతనూ అతని చర్చీ చూసుకోవలసిన విషయం. సైన్సు టీచరు దశావతారాలకు ముద్ర వేయకూడనట్టే, బైబిలు వ్యాఖ్యానమూ చేయకూడదు. ఒక్క హద్దు మాత్రం గుర్తుంచుకోండి. ఆత్మ ఉందా, మనిషిని దేవుడు ఎందుకు కోరుకున్నాడు లాంటి మాటలను పరీక్షించే సాధనం మీ దగ్గర లేదు, కాబట్టి మీరు ఔనూ అనకూడదు, కాదూ అనకూడదు. భూమి పుట్టి ఆరు వేల ఏళ్లే అయిందనో, ఒక పర్వతం మీద ఫలానా యుగం నాటి మనిషి ఎముకలు ఉన్నాయనో ఎవరైనా అంటే అది పరీక్షించగల మాట. భూమి వయసు సుమారు 450 కోట్ల ఏళ్లని రాళ్లలోని రేడియోధార్మిక మూలకాల లెక్క చెబుతోందని అక్కడ మొహమాటం లేకుండా చెప్పాలి. ఏ మతంవారు అన్నా అంతే. మరొకటి. మీ తరగతిలో క్రైస్తవులు కాని సవర పిల్లలు ఉంటే వాళ్ల ఇళ్లలో సృష్టి గురించి మూడో కథ ఉండవచ్చు. వాళ్లు అడగలేదు కాబట్టి మనం గమనించలేదు.

పాఠాన్ని మళ్లీ చెప్పేటప్పుడు చేపల బొమ్మతో కాకుండా సికిల్ సెల్ జబ్బుతో మొదలుపెట్టమని నా గట్టి సలహా. దక్షిణ ఒడిశా గిరిజన ప్రాంతాల్లో ఆ పేరు పిల్లలకు కొత్త కాదు. 2023 జులై 1న మొదలైన జాతీయ కార్యక్రమం కింద గిరిజన ప్రాంతాల్లో నలభై ఏళ్ల లోపు వారికి రక్త పరీక్షలు చేసి, ఫలితాన్ని రంగుతో తెలిపే కార్డులు ఇస్తున్నారు. హిమోగ్లోబిన్‌ను తయారుచేసే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారడం వల్ల ఆక్సిజన్ తగ్గినప్పుడు ఎర్ర రక్తకణం కొడవలిలా వంగిపోతుంది. మారిన జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తే బిడ్డకు జబ్బు వస్తుంది. ఒళ్లంతా నొప్పులు, రక్తహీనత, పూర్వం చాలామందికి చిన్నతనంలోనే మరణం. ఇక్కడ ఆగి పిల్లలను అడగండి: ఇంతగా చంపే జన్యువు వందల తరాలు గడిచినా ఎందుకు మాసిపోలేదు? ఎవరినీ తొందరపెట్టకండి, ఆలోచించుకోనివ్వండి.

జవాబు మలేరియాలో ఉంది. ఆ జన్యువు ఒక్క వైపు నుంచే వచ్చినవారికి జబ్బు రాదు, పైగా ప్రాణాంతకమైన మలేరియా నుంచి వారికి కొంత రక్షణ ఉంటుంది. మలేరియా ఉన్న ప్రాంతాల్లో తలసీమియా అనే వంశపారంపర్య రక్తవ్యాధి ఎందుకు ఎక్కువో చెబుతూ హాల్డేనే 1949లో ఇలాంటి ఊహ చేశారు. సికిల్ సెల్ విషయంలో అది నిజమేనని 1954లో తూర్పు ఆఫ్రికాలో అలిసన్ అనే వైద్యుడు చూపించారు. మలేరియా ఉన్న చోట ఆ జన్యువును మోసేవారు ఎక్కువగా బతికి, ఎక్కువ మంది పిల్లలను కన్నారు. మలేరియా లేని చోట అదే జన్యువు వల్ల నష్టం తప్ప లాభం లేదు. ప్రకృతి వరణమంటే ఇదే. ఇందులో కోతి లేదు, ఆదాము లేడు, అవతారమూ లేదు. మలేరియా గురించి కొండ ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలకు మీకంటే ఎక్కువ తెలిసి ఉండవచ్చు. ఇన్నాళ్లుగా మాట్లాడని ఆ అబ్బాయి చెప్పగలిగింది ఏదైనా ఉంటే బహుశా ఇక్కడే బయటికి వస్తుంది. రెండు జాగ్రత్తలు మాత్రం తప్పనిసరి. ఎవరి కార్డు ఏ రంగుదని తరగతిలో అడగకూడదు, ఎవరైనా చెప్పబోయినా ఆపాలి. ఇది ఫలానా జాతివారి జబ్బు అన్న మాట రానివ్వకూడదు. ఆఫ్రికాలో, అరేబియాలో, మధ్యధరా తీరంలో ఉన్నవారికీ ఈ జన్యువు ఉంది. మలేరియా ఉన్న నేలను చూసే అది నిలిచింది, కులాన్నీ తెగనూ చూసి కాదు.

ఈ ఉదాహరణతో ప్రిన్సిపాల్ గారి అభ్యంతరం కూడా చాలావరకు తీరుతుంది. సీబీఎస్ఈ బడులకు పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎన్సీఈఆర్టీ 2023లో తెచ్చిన పదో తరగతి పుస్తకంలో 'అనువంశికత, పరిణామం' అన్న పాఠం 'అనువంశికత'గా మిగిలింది. పిల్లల మీద భారం తగ్గించడానికే అలా చేశామని చెప్పారు. 1800 మందికి పైగా శాస్త్రజ్ఞులు, ఉపాధ్యాయులు ఆ తొలగింపును తప్పుపడుతూ బహిరంగ లేఖ మీద సంతకాలు చేశారు. నాకు చాలా విచారం కలిగించే సంగతి ఏమిటంటే, పరిణామమంటే పురోగతి అనుకోకూడదని చెప్పే భాగం కూడా దానితో పాటే పోయింది. మీ పిల్లలకు ఆ వారంలో కావలసింది సరిగ్గా అదే. అయినా వైవిధ్యాలు ఎలా పోగవుతాయి, లక్షణాలు తల్లిదండ్రుల నుంచి ఎలా వస్తాయి, మెండెల్ సూత్రాలు ఏమిటి అన్నవన్నీ పుస్తకంలోనే ఉన్నాయి. ఇద్దరూ సికిల్ జన్యువును మోసేవారైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు అని లెక్క వేయించడం అచ్చంగా సిలబస్‌లోని పాఠమే. పరీక్షకు రానిది చెప్పకూడదన్న నిషేధం ఎక్కడా లేదు. ఒక పేజీలో పాఠ ప్రణాళిక రాసి ముందుగా ప్రిన్సిపాల్ గారికి ఇవ్వండి. తల్లిదండ్రులు వచ్చినప్పుడు ఆయన చేతిలో చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి. అది లేకపోవడమే ఆయన భయానికి సగం కారణమని నా అనుమానం.

కమిటీ పెద్దమనిషి చెప్పిన అమెరికా మాట నిజం కాదు. పరిణామం చెబితే జీవులను దేవుడే సృష్టించాడనే సృష్టివాదమూ చెప్పి తీరాలన్న లూసియానా రాష్ట్ర చట్టాన్ని అక్కడి సుప్రీంకోర్టు 1987లోనే కొట్టివేసింది. అదే వాదాన్ని వేరే పేరుతో పెన్సిల్వేనియాలోని డోవర్ పట్టణ పాఠశాలల్లోకి తేబోతే, అక్కడి ఫెడరల్ న్యాయస్థానం అది సైన్సు కాదని 2005లో తీర్పు ఇచ్చింది. మన దగ్గర కూడా ఆ సలహా వల్ల చిక్కే వస్తుంది. ప్రభుత్వ గుర్తింపు పొందిన పాఠశాలలో చదివే మైనరు పిల్లలు తల్లిదండ్రుల అనుమతి లేకుండా మతబోధకు హాజరు కావలసిన పని లేదని రాజ్యాంగం 28వ అధికరణం మూడో ఖండం చెబుతోంది. సైన్సు పీరియడులో సృష్టికథలను ప్రత్యామ్నాయంగా బోధించడం మొదలుపెడితే, ఆ ప్రశ్న ఎదుర్కోవలసింది డార్విన్ పాఠం కాదు, ఆ బోధ. అసలు ఆయన దృష్టిలో రెండు అంటే ఏ రెండో అడిగి చూడండి. మీ తరగతిలోనే కనీసం మూడు సృష్టికథలు ఉన్నాయి. మతాల గురించి తెలియజెప్పడం వేరు. దానికి అడ్డు లేదని మన సుప్రీంకోర్టు 2002లో అరుణా రాయ్ కేసులో చెప్పింది. సాంఘిక శాస్త్రం పీరియడులో శ్రీకూర్మం గురించి, ఆదికాండం గురించి, సవర కథల గురించి పక్కపక్కన మాట్లాడుకుంటే నేను సంతోషిస్తాను. శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించడం పౌరుల విధి అని 51ఎ అధికరణం చెబుతుందన్నది మీకు తెలిసే ఉంటుంది. కానీ తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు దాన్ని ముందుకు తేకండి. చట్టం పేరు వినగానే మనిషి వినడం మానేస్తాడు.

వరుసగా చేయవలసినవి చెబుతాను. ముందు ఆ తండ్రిని బడికి పిలిపించకుండా, వీలైతే మీరే వెళ్లి కలవండి. "మీ అబ్బాయి ప్రశ్నకు నేను జవాబు ఇవ్వకుండా నోరు మూయించాను, అది నా తప్పు" అని చెప్పండి. పాఠం విషయంలో మాత్రం వెనక్కి తగ్గనని కూడా అదే కూర్చున్నప్పుడు చెప్పండి. సికిల్ సెల్ పాఠం ఎలా చెప్పబోతున్నారో ఆయనకు వివరించండి. ఆయన ఒప్పుకోకపోవచ్చు. ఆయన ఒప్పుకోలు మీకు అవసరం కాదు, మీరు ఏం చెప్పబోతున్నారో ఆయనకు ముందుగా తెలియడం చాలు. తరువాత తరగతిలో, ఆ ఇద్దరు పిల్లల పేర్లు ఎత్తకుండా, మొన్న రెండు ప్రశ్నలు వచ్చాయనీ, మొదటిదానికి తొందరపడి ఔనన్నాననీ, రెండోదానికి జవాబే చెప్పలేదనీ మీరే అనండి. అమ్మాయి చిన్నబుచ్చుకుంటుంది, అది తప్పదు. ఆమెను ఒంటరిగా పిలిచి తాబేలు ప్రశ్న, డాల్ఫిన్ ప్రశ్న, కుందేలు ఎముకల ప్రశ్న ఆమె చేతికే ఇవ్వండి, వారం తరువాత వాటి మీద తరగతికి ఐదు నిమిషాలు చెప్పమనండి. పక్క బల్ల మీదివాళ్లలో ఎవరినైనా తోడు తీసుకోవచ్చని కూడా అనండి. ఆ అబ్బాయి పేరు మాత్రం మీరు సూచించకండి. ఆమె అడిగితే అడుగుతుంది.